నా మోకాలు, మా మరదలి పెళ్ళి

పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకుని చెయ్యెత్తకుండా పడగొట్టినవాణ్ణి నేను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెప్తాను, కాస్త గుండె చిక్కబట్టుకోండి.

మా మరదలి పెళ్ళి పనుల మీద బంటుమిల్లి వెళ్తుంటే, రొయ్యల లారీ నీళ్ళు కార్చుకుంటూ పోయిన చోట బండి జారింది. మోకాలు చెక్కుకుపోయింది. డాక్టరు కడిగి, ఆయింట్‌మెంటు రాసి కట్టు కట్టాడు. ఇంటికి రాగానే పీకేశాను.

"అదేంటండీ! తడి ఆరకుండా మూసి ఉంచమన్నారు కదా!" అంది మా ఆవిడ.

"నీకు తెలీదు. మూస్తే కుళ్ళుతుంది. గాలి తగిలితేనే మానుతుంది."

పుండు మీద కారం చల్లేవాళ్ళుంటారు; నేను హెయిర్ డ్రయ్యర్ పెట్టాను. పెళ్ళి నాటికి మోకాలి మీద తాటిచెక్కలాంటి పక్కు కట్టింది. "చూశావా!" అని మీసం తిప్పాను.

మావగారు లేరు కాబట్టి కన్యాదానం మా దంపతులదే. తెల్ల పట్టుపంచె కట్టి, పీట మీద బాసింపట్టు వేసి, పెళ్ళికొడుకు కాళ్ళు కడగడానికి ముందుకు వంగాను.

ఫట్!

పంచె మీద ఎర్రటి మరక పాకింది. పెళ్ళికొడుకు చూశాడు. "ర... రక్తం!" అన్నాడు, వెనక్కి వాలిపోయాడు. సన్నాయి ఆగింది. పందిరి చివర కబురు అప్పుడే మారిపోయింది: "పెద్దల్లుడు పెళ్ళికొడుకుని పొడిచేశాడంట!"

"అయ్యయ్యో, ముహూర్తం!" అని పురోహితుడు గోల. మా అత్తగారు నీళ్ళ చెంబు కోసం పరిగెత్తింది.

బందరు నుంచి వచ్చిన బంధువుల్లో డాక్టరు ఒకాయన నా మోకాలు చూసి బిత్తరపోయాడు. "ఎండబెట్టడానికి ఇదేమన్నా మాగాయ ముక్కా బాబూ? ఎండితే బిగుసుకుపోదూ! వంచితే పగలదూ!" అంటూ కడిగి, వాజలీన్ రాసి, కట్టేశాడు.

మొహాన నీళ్ళు చల్లితే పెళ్ళికొడుకు కళ్ళు తెరిచాడు. నన్ను చూసి, పురోహితుడి చెయ్యి పట్టుకుని బతిమాలాడు:

"పంతులుగారూ, నా కాళ్ళు నేనే కడుక్కుంటానండీ!"

ముహూర్తం దాటకుండా తాళి పడింది. ఆ పందిట్లోనే నేనూ ఒక ప్రమాణం చేశాను. పంచభూతాల సాక్షిగా ఇకమీదట మా ఆవిడ మాటకి ఎదురు చెప్పను.

పుండ్ల విషయంలో మాత్రమేనండోయ్!