పరీక్ష ఎత్తేసిన ఏడు

హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. నాలుగు ఊళ్లు తిరిగినవాళ్లకు తెలుసు, అలాంటి గదులు ఎక్కడైనా ఒకలాగే ఉంటాయి: భవనం అడుగున, చెమ్మ పట్టిన గోడల మధ్య, గాలి రాని కిటికీతో. గుడ్డలే తెల్లగా ఉంటాయి, వాటి మధ్య బతికే మనుషులు కమిలిపోతారు. కూతురు ఆ గదిలోకి పనికి రాకూడదు, అదొక్కటే ఆమె పట్టుదల.

పిల్లకు రసాయనశాస్త్రం అంటే ప్రాణం. పెద్ద కాలేజీలో సీటుకు ఆ సబ్జెక్టులో దేశమంతటికీ కలిపి పెట్టే పరీక్షే ముఖ్యమనీ, బడి మార్కులు ఎవరూ అంతగా చూడరనీ లాండ్రీ బండి నడిపే అన్న చెప్పాడు. అప్పటికి అది నిజమే. అన్న నోట నిజం రావడమే అరుదు, వచ్చినప్పుడు ఇలా కొంప ముంచింది.

"బడికెళ్లి ఏం చేస్తుంది చెల్లీ, చరిత్రనీ సంగీతమనీ పొద్దుపుచ్చడమేగా. ఇంట్లో కూర్చుని ఆ ఒక్క పుస్తకం నమలమను."

"టీచర్లు ఊరుకుంటారా అన్నా?"

"ఒంట్లో బాగోలేదని చెప్పు. నీ మొహం చూస్తే ఎవరైనా నమ్ముతారు."

నవ్వింది. నవ్వి, అలాగే చెప్పింది. రెండేళ్లలో పిల్లకు రాని జ్వరం లేదు. బడికెళ్తానని గొణిగినప్పుడల్లా తల్లి గుమ్మానికి అడ్డం నిలబడింది. మిగతా మార్కులు అడుగంటాయి. రసాయనశాస్త్రం మటుకు కొట్టిన పిండి అయింది.

ఇక పరీక్ష వస్తోందనగా, కాలేజీ దాన్ని లెక్కలోకి తీసుకోవడం మానేసింది. పేదింటి పిల్లలకు ఆ పరీక్ష భారమవుతోందట. ఇకమీదట బడి మార్కులూ, టీచరు రాసిచ్చే సిఫారసూ చూస్తారట. మేలు చేయడానికి బయల్దేరినవాళ్లు కాలి కింద ఎవరున్నారో ఎప్పుడు చూసుకున్నారు గనక. అన్న ఆ వారమంతా బండి దిగకుండానే మూటలు విసిరేసి పోయాడు.

ఇస్త్రీ అక్క కూతుర్ని వెంటబెట్టుకుని బడికి వెళ్లింది. పిల్లను వరండాలో ఉంచి, తను రసాయనశాస్త్రం టీచరు ముందు కూర్చుంది.

"ఏదైనా అడిగి చూడండి మేడమ్, తడుముకోకుండా చెప్తుంది."

"చెప్తుందమ్మా, కాదనను. వాళ్లడిగేది అది కాదు. తరగతిలో ఎలా ఉండేది, తోటిపిల్లలతో ఎలా పనిచేసేది, అవి రాయమంటారు. చూడనిది ఎలా రాయను? అసలు మీ అమ్మాయి ఏ వరసలో కూర్చునేది?"

"కూర్చోలేదండీ. నేనే కూర్చోనివ్వలేదు."

"పాపం, అంత జబ్బుపడిన పిల్లని..."

"జబ్బేం లేదు మేడమ్."

టీచరు కలానికి మూత పెట్టేసింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బతిమాలుకోవడానికి చోటుండేది.

వరండాలో కూతురు గోడకు ఆనుకుని ఉంది.

"రాస్తానన్నారా అమ్మా?"

"లేదు."

పక్కనే వాళ్ల తరగతి. హాజరు పిలుస్తున్నారు. పిల్లలు ఒక్కొక్కరే పలుకుతున్నారు. కూతురి పేరు వచ్చింది.

"రాలేదు సార్" అన్నారు లోపల అందరూ, అలవాటు కొద్దీ.

హాజరు తర్వాతి పేరుకు పోయింది.