వస్తానన్న సూర్యావతి

సూర్యావతి నాకు చుట్టం కాదు. పెళ్ళిళ్ళయిన కొత్తలో ఇక్కడ బర్మాలోనే, తాకేటా పేటలో పక్కపక్క గదుల్లో కాపురమున్నాం. తరవాత మేం అదే ఊళ్ళో సంచౌంగ్ పేటకి వచ్చేశాం, ఆమె అక్కడే ఉండిపోయింది. బర్మా రవికెలు కుడుతుంది. ఆదివారం తెలుగు చర్చికి వెళ్తుంది. ఆమె భర్త పోయినప్పుడు, వేరే మతం వాళ్ళ ఇల్లని మావాళ్ళు వద్దంటే నేను వెళ్ళలేదు. ఎందుకు రాలేదని ఆమె ఎప్పుడూ అడగలేదు.

మా ఆయన ధర్మారావు ఏటి అవతల తన్లిన్‌లో పని దిగి వస్తూ బస్సులోనే పోయారు. మర్నాడు సూర్యావతి వచ్చింది. పూర్వం యూదులు దుఃఖమొస్తే కట్టుకున్న బట్ట చింపుకునేవారట. కుట్టేపనిది కదా, చింపడానికి ఆమెకి చెయ్యి రాలేదు. రవికె మెడ దగ్గర నాలుగు కుట్లు విప్పుకుని వచ్చింది. నా పక్కన నేల మీద కూర్చుంది. పలకరించలేదు. నేనూ మాట్లాడలేదు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఫ్యాను తిరుగుతుంటే చూస్తూ ఉన్నాను.

సాయంత్రం లేచి, మా ఆడపడుచు మణిమాల వదినతో "ఎల్లొస్తాను" అంది.

చావు జరిగిన ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. చెప్పకుండా లేచి వెళ్ళిపోవాలి.

"సావింట్లో వస్తానంటావేటే? మళ్ళీ సావు రావాలనా?" అని వదిన లేచింది.

"రేపు వస్తాను గదా ఒదినా. రానని అబద్దం ఆడమంటావేటి?"

అలా ఆరు రోజులు. రోజూ అదే మాట, రోజూ అవే తిట్లు.

"వచ్చి ఉలకవు, పలకవు. ఏటి నీ పరామర్శ?" అని వదిన ఒకరోజు అడిగింది.

"మా గ్రంథంలో ఒకాయనకి పిల్లలందరూ పోతే, స్నేహితులొచ్చి ఏడు రోజులు నేల మీదే కూకున్నారు. ఆయన నోరిప్పేదాకా వాళ్ళు మాటాడనేదు."

ఏడో రోజు వదినకి ఓపిక పోయింది. "రేపటినుంచి మా మరదలు నోరిప్పి రమ్మంటేనే రా. నేకపోతే ఇదే ఆకరు" అనేసింది.

సూర్యావతి గుమ్మంలో చెప్పులేసుకుంది. ఈసారి వస్తానని అనలేదు. నా వైపు చూస్తూ నిలబడింది.

ఇప్పుడు వెళ్తే ఇక రాదని తెలుసు. కానీ రమ్మనడానికి నాకేం మొహముంది?

"అన్నం తిన్నావేటే?" అన్నాను.

"నేదే" అంటూ చెప్పులు విప్పింది.

వదిన ఇంకో కంచం తేవడానికి లోపలికి వెళ్ళింది.