అమ్మ అన్న ముక్క

చర్చి రిజిస్టర్‌లో ఓర్తీ గురించి నా చేత్తో నేను రాసింది ఒక్క వాక్యం: బుట్టలల్లే యోస్ట్ భార్య, జ్వరంతో పోయింది. ఎల్బెన్‌రోడ్ అనే ఈ జర్మన్ పల్లెలో ముప్పై ఆరేళ్లుగా బడిపంతుల్ని, చర్చి గంట కొట్టేదీ నేనే. ఊళ్లో ఎవరి చావు గురించీ ఇంతకంటే ఎక్కువ రాయలేదు, ఎవరికీ అన్యాయం చేసినట్టు అనిపించలేదు. ఓర్తీకి మాత్రం చేశాను. అది రిజిస్టర్‌లో పట్టదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కొండ అవతలి ఊరి నుంచి యోస్ట్‌కు రెండో పెళ్లాంగా వచ్చింది ఆమె. మొదటావిడ పోయి అప్పటికి ఏడాది. కూతురు ట్రీనాకు రెండేళ్లు. ఓర్తీ పొడుగు మనిషి, పెద్ద చేతులు, నోరు ఇంకా పెద్దది. కాపురానికి వచ్చిన వారానికే పిండిలో ఊక కలిపిందని మిల్లు ఆవిడను నడివీధిలో కడిగేసింది. కానీ చలికాలం సాయంత్రాలు ఆడవాళ్లంతా నూలు వడకడానికి ఒకింట్లో చేరితే, ఆ మిల్లు ఆవిడే అందరికంటే ముందు "ఓర్తీ ఇంకా రాలేదా?" అని గుమ్మం వైపు చూసేది. కథ చెప్పాలంటే ఓర్తీయే చెప్పాలి. రాట్నం తిరుగుతూనే ఉండేది, కథా నడుస్తూనే ఉండేది, ట్రీనా ఆమె పావడా అంచు పట్టుకుని కింద కూర్చునేది.

ఆ కథల్లో ఒకటంటే ట్రీనాకు ప్రాణం. కరువు కాలం, ఇంట్లో ఒకటే రొట్టె. తల్లికి ఇద్దరు పిల్లలు, చంకలో ఒకడు, నడిచేది ఒకతె. తల్లి పెద్దదాని చెక్కజోళ్లలో ఒకటి దాచేసి, "రెండోది అడవిలో పడిపోయిందే, వెతుక్కురా, వచ్చాక రొట్టె పెడతా" అని పంపేస్తుంది. పిల్ల ఒంటి జోడుతో ఏడేళ్లు తిరుగుతుంది. తిరిగొచ్చేసరికి తల్లి గడపలోనే కూర్చుని ఉంటుంది. పిల్ల వాటా ముక్క ఏడేళ్లూ దాచి ఉంచింది. రాయైపోయిన ఆ ముక్కను పాలలో నానబెట్టి ముందు పెడుతుంది. పిల్ల తింటుంది. అంతే కథ.

"కన్నతల్లే పంపేసిందా అమ్మా?" అని ట్రీనా ప్రతిసారీ అడిగేది.

"కన్నతల్లే. కడుపు కాలితే తల్లీ గిల్లీ గుర్తుండదే. గుర్తొచ్చాక మాత్రం రొట్టె ముట్టుకోలేదు."

"మరి నువ్వు నన్ను పంపేస్తావా?"

"నీ జోడు దాస్తే ఊరంతా లేచేలా ఏడుస్తావు. నాకెందుకమ్మా ఆ గోల!" అని ఓర్తీ దాని ముక్కు పిండేది.

ట్రీనాకు తొమ్మిదేళ్లప్పుడు మార్బుర్గ్ పట్నం నుంచి లూడెకింగ్ గారని ఒకాయన వచ్చాడు. బాగా చదువుకున్నాయన. ఊళ్లు తిరిగి పల్లెవాళ్ల నోటి కథలు రాసుకుని పుస్తకం వేస్తాడట. మా యాస ఆయనకు సగమే అర్థమయ్యేది, అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాఫీ కొనలేక మేము వేయించిన చికోరీ వేళ్ల కషాయంతో కాలక్షేపం చేసేవాళ్లం. ఆయన ఓర్తీకి అసలైన కాఫీ గింజలు పొట్లం తెచ్చాడు. ఆమె పొట్లాన్ని వాసన చూసి, చెల్లెల్ని చూసినంత సంబరపడి, ఒంటిజోడు కథ మొదలుపెట్టింది.

"తల్లే పంపిందా? సొంత తల్లా?" అని ఆయన కలం ఆపి అడిగాడు. నేను మా యాసలోకి మార్చి చెప్పాను.

"ఈయనకు చెవుడా మాస్టారూ? తల్లి అన్నాను కదా. మా అమ్మ అలాగే చెప్పింది, మా అమ్మకు వాళ్లమ్మ అలాగే చెప్పింది."

ఆయన రాసుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. అంత పెద్దమనిషి నా బల్ల దగ్గర కూర్చున్నాడన్న గర్వంతో నాకు నోరు ఊరుకోలేదు. "తమాషా ఏమిటంటే అయ్యగారూ, తల్లి గురించి అంత చెప్పిందా, వాళ్ల ట్రీనాకు ఆవిడ సవతి తల్లి!" అన్నాను.

ఆయన ఫోర్కు కింద పెట్టేశాడు. "అదీ సంగతి! తన మీదికి రాకుండా కథను మార్చేసుకుంది. అసలు కథలో సవతి తల్లే ఉండి ఉంటుంది." నోటుపుస్తకం తీసి ఒక మాట కొట్టేశాడు.

మా నాయనమ్మ కూడా ఆ కథ చెప్పేది. ఆమె కూడా తల్లి అనే చెప్పేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ముందుమాటలో నా పేరు వేస్తానని ఆయన అంతకు నిమిషం ముందే అన్నాడు. నేను ఆయనకు ఇంకో నాలుగు బంగాళాదుంపలు వడ్డించాను.

మూడేళ్లకు పుస్తకం వచ్చింది. ముందుమాటలో నా పేరుంది, నిజమే. బడిలో చదివించమని పైనుంచి ఉత్తరం కూడా వచ్చింది. క్లాసులో బాగా చదివేది ట్రీనా, అందుకని మన ఊరి కథ నువ్వే చదవమ్మా అని దాని చేతికే ఇచ్చాను. నా అంత మూర్ఖుడు ఆ చుట్టుపక్కల లేడు. నా పేరున్న పేజీ పదిసార్లు చూసుకున్నాను గానీ ఆ కథ ఒక్కసారి తిరగేయలేదు.

"అనగనగా ఒక సవతి తల్లి" అని చదివి ట్రీనా ఆగింది. మళ్లీ చదివింది. చివర మారిపోయింది. పిల్ల కోసం దాచిన రొట్టె కాదు అది, సవతి తల్లి తనకోసం దాచుకున్న రొట్టె. పిల్ల రాగానే ఎక్కడ పెట్టాల్సి వస్తుందోనని గబగబా మింగబోతే గొంతుకు అడ్డం పడి చచ్చిపోతుంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. బాగా చదివే పిల్ల కదా, అదీ చదివింది. 'ఎల్బెన్‌రోడ్‌లో ఈ కథ చెప్పినామె తానే సవతి తల్లి కావడంతో తల్లి అని మార్చి చెప్పింది, మేము సరిచేశాము.'

"మీ ఇంటి కథేనే ట్రీనా! జోళ్లు జాగ్రత్త!" అంది మిల్లు ఆవిడ కూతురు. క్లాసంతా పగలబడి నవ్వింది.

ఆ పొద్దు గుంకక ముందే ఓర్తీ ట్రీనాను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. చేతికి తడి పిండి అలాగే ఉంది.

"మాస్టారూ, ఆ రోజు మీరు పక్కనే ఉన్నారు. నేను అమ్మ అన్నానా, సవతి అన్నానా? దీనికి ఒక్క ముక్క చెప్పండి, చాలు."

"అచ్చులో అబద్ధం వేస్తారా?" అంది ట్రీనా నేల చూస్తూ.

నేను గొంతు సవరించుకున్నాను. "చూడు ఓర్తీ, చదువుకున్నవాళ్లు పది ఊళ్లలో విని, పోల్చి చూసి రాస్తారు..."

"పది ఊళ్ల సంగతి నేనడగలేదు. నేనేమన్నాను?"

"చాలా రోజులైంది కదా. సరిగ్గా గుర్తులేదు" అన్నాను.

ఓర్తీ నన్ను తిట్టలేదు. మిల్లు ఆవిడను వీధిలో కడిగేసిన మనిషి, నన్ను ఒక్క మాటా అనలేదు. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజు నుంచి ట్రీనా ఆమెను అమ్మా అని పిలవలేదు. మరేమని పిలవాలో తెలియక అసలు పిలవడమే మానేసింది. ఓర్తీ నూలు వడకడానికి వెళ్లేది, రాట్నం తిప్పేది, నోరు విప్పేది కాదు. ఎవరైనా బతిమాలితే, "పుస్తకం ఉందిగా, చదువుకోండి" అనేది. పద్నాలుగో ఏట ట్రీనా మార్బుర్గ్‌లో పనిమనిషిగా చేరడానికి బయల్దేరింది. ఓర్తీ తెల్లవారకముందే లేచి రై ధాన్యపు రొట్టె కాల్చి మూటగట్టి ఇచ్చింది. పిల్ల ఆ మూటను గుమ్మం పక్క బెంచీ మీదే వదిలేసి బండి ఎక్కింది.

మళ్లీ వచ్చింది యోస్ట్ పోయినప్పుడు, ఏడేళ్లకు. సమాధి దగ్గర పాట అయిపోయింది, వచ్చినవాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయారు. నేను టోపీ తీసుకుని లేవబోతుంటే ఓర్తీ గిన్నె తెచ్చి ట్రీనా ముందు పెట్టింది. పాలలో నానిన నల్లటి రొట్టె. ఆ రోజు పిల్ల బెంచీ మీద వదిలేసిపోయిన రొట్టె, ఏడేళ్లూ పైదూలం మీద ఉన్నది, అదేనని నాకు తెలుసు. ట్రీనాకూ తెలుసు, దాని మొహం తెల్లగా పాలిపోయింది.

ఓర్తీ చెంచా గిన్నె పక్కన పెట్టి నిలబడింది.

ఇక ఆగలేకపోయాను. "ట్రీనా, అమ్మ అనే అంది తల్లీ. నా చెవులతో విన్నాను. మా నాయనమ్మా అలాగే చెప్పేది. ఆ రోజు నేను అబద్ధమాడాను."

ట్రీనా నావైపు తిరిగింది. "ఇప్పుడు గుర్తొచ్చిందా మాస్టారూ? మీ పేరు ఆ పుస్తకంలోనే ఉంది కదా. నేను మా అయ్యగారి పిల్లలకు రోజూ అదే చదువుతాను." గిన్నెను వేలితో ఓర్తీ వైపు నెట్టింది. "ఈ రొట్టె ఎవరు తినాలో అందులో రాసే ఉంది."

ఓర్తీ కుర్చీ లాక్కుని కూర్చుంది. చెంచా తీసుకుని, కూతురి కళ్లలోకి చూస్తూ, ఒక్కో ముక్కా నమిలి మింగింది. గిన్నె అడుగున ఉన్న పాలు కూడా ఎత్తి తాగింది. ఆమె గొంతుకు ఏదీ అడ్డం పడలేదు.