మ్యాపులో లేని మడ మొక్కలు

"రోజుకి ఎన్ని కిలోల మడకట్టె తగలేస్తావమ్మా?" అని మడ మొక్కలు నాటించే ప్రాజెక్టు కోఆర్డినేటర్ దైవాధీనం పెద్దింట్లమ్మను అడిగాడు. కోడూరులో చేపలమ్ముకొచ్చి ఆమె అప్పుడే గంప దించింది.

"కూర ఉడికేంత. మీ జీపు ఎంత తాగుద్ది బాబూ?"

ఈ జవాబుకు అతని ఫారంలో గడి లేదు.

రెండువేల ఆరు నాటి సంగతి. ఎక్కడో చలిదేశంలో ఓ కంపెనీ వదిలే బొగ్గుపులుసు వాయువును పాలకాయతిప్ప మడచెట్లు పీల్చి, వేళ్లకింద బురదలో దాచిపెడతాయట. దాచినంతకు ఓ పత్రం పుడుతుంది. దాన్ని కొనుక్కుని కంపెనీ నిశ్చింతగా మళ్లీ పొగ వదులుతుంది. తిండి వాళ్లది, లంఖణం దివిసీమది. దీనికి భూమాత సేవ అని బ్యానరు కట్టారు. సేవకు కూలి మొక్కకు మూడు రూపాయలు: నాటగానే ఒకటి, ఆరు నెలలకు బతికుంటే మిగతా రెండు.

పెద్దింట్లమ్మ మొగుడి వల చీకిపోయింది. వేసవిలో వేట నిషేధం ముగిసేలోగా కొత్తది రాకపోతే అతను పరాయి పడవలో కూలికి పోవాలి. ఆమె పన్నెండు వందల మొక్కలకు ఒప్పుకుంది. నాటినందుకు చేతికొచ్చే పన్నెండు వందలు బందరు వలల కొట్టులో బయానా. మరో ఏడొందలు కడితే వల ఇస్తామన్నారు.

దైవాధీనం చూపించింది రోడ్డు పక్కన ఉప్పు తెల్లగా పేలిన చవుడు.

"ఇక్కడ పీతబొరియ ఒక్కటన్నా ఉందా అండీ? పీత ఉండలేని చోట మడ బతకదు. కాలవ గట్టున పెడదాం, రోజూ పోటునీళ్లు తగులుతాయి."

"దొరలొస్తే బురదలోకి దిగుతారా? ఇక్కడైతే జీపులోంచే కనపడుద్ది. అయినా నువ్వేం చదివావు పిన్నీ?"

"పీతల్ని."

ఎనిమిది వందలు అతను చెప్పినచోటే పెట్టింది. అతను భోజనానికెళ్లిన పూటల్లో మిగతా నాలుగు వందలూ కాలవ వెంట నాటింది. చదువుకున్నవాడు బతికిన మొక్కను చూస్తే కాదనడని నమ్మింది. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

ఆరు నెలలకు లెక్క చూస్తే చవుట్లో ఎనిమిది వందల ఎండుపుల్లలు. కాలవ వెంట మూడు వందల ఎనభై మొక్కలు, మోకాలెత్తున. దైవాధీనం ఆమెను వాటి మధ్య నిలబెట్టి ఫొటో తీయించి, ఆపైన మ్యాపు విప్పాడు.

"ఇవి మన ప్రాజెక్టు హద్దులో లేవు పిన్నీ. రూలు ఒప్పుకోదు."

"ఫొటోకి ఒప్పుకుందిగా మీ రూలు?"

ఆ ఫొటో నివేదిక అట్టమీద అచ్చయింది. నివేదిక చూపించి పత్రం అమ్మారు. నిషేధం ముగిసిననాడు ఆమె మొగుడు పరాయి పడవే ఎక్కాడు. బతికిన మొక్కలకు రెండేసి చొప్పున పెద్దింట్లమ్మకు రావలసిన ఏడు వందల అరవై రూపాయలు ఇంకా రాలేదు.