వెలగని లేజరు

ఇరవై నాలుగేళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. ఆ భాగ్యం అందరిలాగే నాకూ కొన్నాళ్లు దక్కింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ పట్టా చేతికి రాగానే, విజయనగరం వైపు మా మైదానపు ఊరి నుంచి కొండెక్కి, పాడేరుకు గంటన్నర దూరంలో ఉన్న ఆడపిల్లల గురుకుల పాఠశాలలో కాంట్రాక్టు మాస్టారుగా చేరాను. కొండల్లో విజ్ఞానాన్ని పంచడానికి వెళ్తున్నానని చుట్టాలందరికీ చెప్పాను. (కింద ఎక్కడా ఉద్యోగం దొరకలేదా అని వాళ్లు మర్యాదకొద్దీ అడగలేదు.) చేరిన నెలలోపే తోటి మాస్టార్లు నాకు 'సైంటిస్టు' అని పేరు పెట్టారు. అది బిరుదనుకుని ఏడాదిపాటు పొంగిపోయాను.

ఆ ఏడు పాడేరులో సైన్సు ప్రదర్శన పెడుతున్నారని కబురొచ్చింది. మన పిల్లలచేత ఏం చేయిస్తారని ప్రిన్సిపాల్ మేడమ్ అడిగితే, లేజరు కిరణం మీద పాట పంపిస్తామన్నాను. ఈ బల్ల మీద ఫోనులో పాట, ఆ బల్ల మీద స్పీకరు, మధ్యలో వైరు ఉండదు, సన్నటి ఎర్రని వెలుగు మాత్రమే ఉంటుంది, చెయ్యి అడ్డం పెడితే పాట ఆగిపోతుంది. మిగతా బళ్లవాళ్లు వంటసోడా పోసి అగ్నిపర్వతాలు పొంగించుకుంటారు, పాపం, అని కూడా కలిపాను. మేడమ్ అంతా విని, నా కాంట్రాక్టు పొడిగించాలో వద్దో ఆ నెలలోనే రాసి పంపాలనీ, ప్రదర్శన అయ్యాకే రాస్తాననీ తాపీగా చెప్పారు.

ఎర్ర లేజరు డయోడ్లు మూడు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాను. డయోడంటే పెద్దదేమీ కాదు, కందిగింజంత లోహపు డబ్బీ, దానికి మూడు కాళ్లు. పన్నెండు రోజులకు పార్సిలు పాడేరులోని ఫోన్ల దుకాణం దాకా వచ్చి, అక్కణ్నుంచి జీపు డ్రైవరు జేబులో మా బడికి చేరింది. నేను మామూలుగా విప్పి చూసుకోవచ్చు కదా. అలా చేస్తే సైంటిస్టునెలా అవుతాను? పదో తరగతి పిల్లలందరినీ ల్యాబులో వరసగా నిలబెట్టి, లేజరు గొప్పతనం మీద అరగంట ఉపన్యాసం దంచి, అప్పుడు స్విచ్ నొక్కాను. ఏమీ వెలగలేదు. బ్యాటరీ పాతదన్నాను. కొత్తది పెట్టినా వెలగలేదు. కాళ్లు తారుమారయ్యాయన్నాను. సరిచేసినా వెలగలేదు. మీటరు చూస్తే కరెంటు దర్జాగా పారుతోంది, వెలుగు మాత్రం లేదు. లోపల ఎక్కడో కాలిపోయిందని తేల్చేశాను. ఒకటి కాదు, మూడూ కాలిపోయాయట. పిల్లలు వెళ్లిపోయాక, లోపల కాస్తయినా మెరుపు ఉందేమోనని, సూదిలోకి దారం ఎక్కించేవాడిలా ఒక కన్ను మూసుకుని, రెండో కంటికి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ తనివితీరా చూశాను. ఆ మర్నాడూ చూశాను.

అమ్మినవాళ్లకు ఫిర్యాదు చేశాను. నా సంతోషమే వాళ్ల ధ్యేయమని వెంటనే జవాబొచ్చింది. తరవాత రెండు రోజులు నా సంతోషం గురించి ఎవరూ పట్టించుకోలేదు. మూడోరోజు, వస్తువు వెలగడం లేదనడానికి రుజువుగా ఫొటో పంపమన్నారు. వెలుగు లేకపోవడాన్ని ఫొటో ఎలా తీయాలో నాకు ఏ యూనివర్సిటీలోనూ నేర్పలేదు. అయినా నా కొత్త ఖరీదైన ఫోను తీసి, వెనక కెమెరాతో, నాలుగు వైపుల నుంచీ, నల్లగుడ్డ పరిచి మరీ తీసి పంపాను. ఫొటోలో వస్తువు చక్కగా ఉంది కాబట్టి ఫిర్యాదు మూసేస్తున్నామని రాశారు. కింద అయిదు స్టార్లలో ఎన్ని ఇస్తారని కూడా అడిగారు.

ప్రదర్శన ఇంకా రెండే రోజులుంది. మా బడిలో ఫోను సిగ్నల్ దొరికేది ల్యాబు కిటికీ దగ్గరే. అందుకని వంట చేసే పెద్దమ్మ (బడి మొత్తానికీ ఆవిడ పెద్దమ్మే, మేడమ్‌కి కూడా) మధ్యాహ్నం అంట్లు అవగానే వచ్చి, కిటికీకి ఆనుకుని కూర్చుని, విశాఖలో నర్సింగు చదువుతున్న కూతురితో వీడియోలో మాట్లాడుకునేది. ఆవిడ ఫోను తెర మీద మూడు పగుళ్లు, వెనక రబ్బరు బ్యాండు. నేను ఆవిడ వెనకే బల్ల దగ్గర కూర్చుని, దేనికో తెలియకుండానే మళ్లీ డయోడుకి కరెంటిచ్చి నిట్టూరుస్తున్నాను. ఫోనులోంచి కూతురు, "అమా, నీ ఎనకాల సారు సేతిలో ఆ వంకాయరంగు దీపం ఏటే?" అంది.

పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది. నా చేతిలో దీపమేమీ లేదు. ఫోనులోకి చూసింది. ఉంది. మళ్లీ నా చేతివైపు చూసింది.

"సారూ, ఇది ఫోనుకి కనిపిస్తంది, మనకి కనిపించట్లేదు. ఏటి సేత్తన్నారు మీరు?"

లేచి వెళ్లి చూశాను. పగిలిన తెరలో నా దిగాలు ముఖం, నా వేళ్ల మధ్య ఊదారంగులో ధగధగలాడుతున్న చుక్క. స్విచ్ ఆపితే పోయింది. వేస్తే వచ్చింది. మేడమ్ గదిలోంచి టీవీ రిమోటు తెచ్చి అదే ఫోను ముందు నొక్కితే దాని ముక్కు మీద కూడా అదే ఊదారంగు. అప్పటికి నా ఎమ్మెస్సీ మేలుకుంది. వాళ్లు పంపింది ఎర్ర లేజరు కాదు, పరారుణ లేజరు. కాలిపోనూ లేదు, పాడవనూ లేదు, పాపం మూడూ నా కోసం శక్తివంచన లేకుండా వెలుగుతూనే ఉన్నాయి. మనిషి కంటికి ఆ వెలుగు ఆనదు. నా ఖరీదైన ఫోను వెనక కెమెరాలో దాన్ని ఆపేసే అద్దం ఉంటుంది. పెద్దమ్మ చవక ఫోను ముందు కెమెరాకి అంత భోగం లేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చూపించింది. కరెంటు కొంచెం కొంచెంగా పెంచితే, ఒక చోట చుక్క ఉన్నట్టుండి భగ్గుమంది. మామూలు బల్బయితే మెల్లగా పెరుగుతుంది, లేజరైతేనే ఇలా ఎగురుతుంది. పరారుణ లేజరేనని ఖాయమైంది. నేనే కనిపెట్టినట్టు చిటికె వేశాను. పెద్దమ్మ మళ్లీ కూతురితో మాటల్లో పడింది.

ఆ సంతోషం అయిదు నిమిషాలుంది. మా పాత లెక్చరరుగారికి గొప్పగా ఫోను చేస్తే, ఆయన అంతా విని, "వెలగట్లేదని దాన్లోకి కన్నుపెట్టి చూడలేదు కదరా?" అన్నారు.

చూశానని ఒప్పుకున్నాను. కనిపించే వెలుగైతే కన్ను దానంతటదే మూసుకుంటుంది, కనిపించనిదానికి ఆ జాగ్రత్త కూడా ఉండదు, ఆ ముక్క మొదటి సంవత్సరంలోనే చెప్పాను కదా అన్నారు. లెన్సు బిగించలేదు కాబట్టి వెలుగు చెదిరిపోయి ఉంటుందనీ, అయినా వెంటనే వెళ్లి కళ్లు చూపించుకోమనీ చెప్పి పెట్టేశారు. ఆ రాత్రంతా ఒక్కో కన్నూ మూసి క్యాలెండరు చదివాను. ప్రతి అంకె చుట్టూ మచ్చ కనిపించింది.

కనిపించని లేజరుని పిల్లల మధ్య పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. ఆ సంగతి మేడమ్‌కి చెప్పి, తలదించుకుని నిలబడ్డాను. పిల్లలే దారి చూపారు. తప్పు వస్తువుని ఎలా గుర్తుపట్టామో అదే చూపిద్దామన్నారు. ప్రదర్శనలో టీవీ రిమోటూ, పెద్దమ్మ ఫోనూ పెట్టి, కంటికి కనిపించని వెలుగుంటుందని వచ్చినవాళ్లందరికీ చూపించారు. డయోడ్లు గాజుసీసాలో కరెంటు లేకుండా బుద్ధిగా కూర్చున్నాయి. చూడ్డానికొచ్చిన అధికారి, "మాస్టారు ఎన్నాళ్లకు కనుక్కున్నారమ్మా?" అని అడిగితే, మా పిల్ల దాచకుండా, "సారు కాదండి, మా వంట పెద్దమ్మ" అని చెప్పేసింది. బహుమతులు మూడూ అగ్నిపర్వతాలకే వచ్చాయి. మేడమ్ మాత్రం నా కాంట్రాక్టు కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టారు. తరవాత చూస్తే, 'పొరపాటు ఒప్పుకోగలడు' అని ఉంది. దాంతోనే ఇంకో ఏడాది నెట్టుకొచ్చాను.

ప్రదర్శన రోజు మధ్యాహ్నమే పాడేరు ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి, దీపం పెట్టి చాలాసేపు చూసి, ఏమీ కాలేదు, అదృష్టవంతులు అంది. చుక్కల ప్రభావం సాయంత్రం దాకా ఉంటుంది, తోడు ఉంచుకోమంది. తోడుగా పెద్దమ్మ వచ్చింది. ఆవిడ భుజం పట్టుకుని, దుకాణాల వాళ్లందరూ చూస్తుండగా, సైంటిస్టుగారు బజారంతా నడిచి జీపెక్కారు. పిల్లలు వెనక సర్దుకున్నారు. సగం దారిలో కళ్లు తెరిచి చూద్దును కదా, రోడ్డు లేదు, లోయ లేదు, చెట్టు లేదు, అంతా పాలు ఒలికినట్టు ఒకటే తెలుపు. డాక్టరమ్మకు తెలియలేదు, నా కన్ను పోయింది అనుకున్నాను. ఇంట్లో అమ్మకు ఏం చెప్పాలో కూడా ఆలోచించేసుకున్నాను.

"పెద్దమ్మా, నాకంతా తెల్లగా కనిపిస్తోంది," అన్నాను మెల్లగా.

ఆవిడ అరిటాకు పొట్లం విప్పి, నా చేతిలో ఒక బూరె పెట్టింది.

"మంచు సారూ. మాకూ అలాగే కనిపిస్తంది. బేగి తినీండి."