నా కథ కింద అన్న పేరు

పోయిన ఆదివారం పొద్దున చిక్కుడుకాయలు తుంచుకుంటూ వసారాలో కూర్చున్నాను. నా బిడ్డ కూతురు పక్కనే ఫోను పట్టుకొని తనలో తాను నవ్వుకుంటుంటే, ఏం చదువుతున్నావే అని అడిగాను. అడగకపోయినా బాగుండేది, ఈ వారం రోజుల మంట తప్పేది నాకు. డిగ్రీ చదువు కోసం వికారాబాద్‌లో నా దగ్గరే ఉంటుంది ఆ పిల్ల. దాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారని, మనకు నచ్చిన సినిమాలోనో నవలలోనో ఉన్న మనుషులను తీసుకొని తర్వాత కథ మనమే రాసుకోవచ్చని, ముక్కూమొహం తెలియని వాళ్లు చదివి ఇంకా రాయమని వెంటపడతారని ఓపిగ్గా చెప్పింది. దాని మీదే ఎవరో ఒకావిడ రాసిన వ్యాసం కూడా చదివి వినిపించింది. మగపిల్లలు హీరో కోసం తలలు పగలగొట్టుకుంటే దాన్ని అభిమానం అంటారట, ఆడపిల్లలు ఓ మూల కూర్చొని కథ రాసుకుంటే దాన్ని పిచ్చి అంటారట. అవునే, నిజమే అని తలూపాను. అప్పుడు మాటల్లో మాటగా, తానూ అట్లాంటి కథలు రాస్తానని, కాకపోతే మగపిల్లవాడి పేరు పెట్టుకొని రాస్తానని చెప్పింది. ఆడపేరు పెడితే ఫోటో పంపమంటారట, పంపకపోతే బూతులు తిడతారట. మగపేరు పెట్టినప్పటి నుంచి శైలి బాగుందని మెచ్చుకుంటున్నారట. ఇదంతా నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఇదేదో ఇప్పటి పిల్లలు కనిపెట్టిన కొత్త ముచ్చట అనుకుంటారేమో, నా ఈడు వాళ్లారా, ఫోనుల పేరు కూడా తెలియని రోజుల్లో తాండూరులో నేను చేసిన పనీ ఇదే. మా నాయన బండల పాలిష్ దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఆయన బట్టలు దులిపితే వాకిలంతా తెల్లటి దుమ్ము లేచేది. మధ్యాహ్నం మగవాళ్లెవరూ ఇంట్లో ఉండని వేళ, మా వదిన, చుట్టుపక్కల అక్కలూ చేటల్లో కందులు చెరుగుకుంటూ కూర్చుంటే నేను వారపత్రికలో సీరియల్ పైకి చదివేదాన్ని. వదినది కోట్‌పల్లి దిక్కు ఊరు, కూడబలుక్కొని చదవడమే తప్ప గబగబా చదవడం రాదు, కానీ ఒకసారి విన్నదంటే నెల తర్వాత అడిగినా ఉన్నదున్నట్టు అప్పజెప్పేది. మన ఇళ్లలో అప్పుడు సీరియల్ కాగితాలు కత్తిరించి దాచి, అయిపోయాక పుస్తకంగా కుట్టించుకునేవాళ్లం, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కాగితాల వెనక సగం వంటకం ఉండి సగం పోయేది. మా అమ్మ ఉసిరికాయ పచ్చడి అట్లా సగమే నేర్చుకొని జన్మంతా మమ్మల్ని తిట్టింది.

ఒక సీరియల్‌లో నర్సు ఉద్యోగం చేసే అమ్మాయి కథ వస్తుండేది. కట్నం చాలదని ఒకసారి వద్దనిపోయిన అబ్బాయి, మళ్లీ చేసుకుంటానని ఉత్తరం రాస్తాడు. ఆమె ఆ ఉత్తరం పట్టుకొని నిలబడ్డ దగ్గర ఆ వారం ఆగింది. మరుసటి వారం కాగ్నా వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి, పత్రిక రానేలేదు. ఆ పై వారం సంచిక తెరిస్తే పెళ్లయిపోయి ఆమె అత్తగారి కాళ్లు ఒత్తుతోంది. నడుమ ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. రెండు రోజులు వాకిట్లో అదే పంచాయితీ నడిచింది. చివరికి వదిన నా వైపు తిరిగి, నడుమ ఏమైందో నువ్వే రాయి పిల్లా, మాకు తెల్వాలె గద, అంది. నాలుగు కాగితాలు రాశాను. నా కాగితాల్లో ఆ నర్సు ఉత్తరానికి జవాబివ్వదు. అబ్బాయినే ఆసుపత్రికి రమ్మని, రోగుల వరసలో పొద్దంతా నిలబెట్టి, అందరి ముందూ మళ్లీ అడగమంటుంది. చదువుతుంటే అక్కలు నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బస్టాండు దగ్గర పుస్తకాలు కుట్టే ఆయన, ఇది చేతిరాత కదమ్మా అని అడిగి మరీ ఆ నాలుగు కాగితాలను వాటి చోట్లోనే పెట్టి కుట్టి ఇచ్చాడు.

ఆ తర్వాత అసలు సీరియల్ మా వాళ్లకు రుచించలేదు. పత్రికలో నర్సు ఏడ్చినప్పుడల్లా, వాళ్లకు రాయరాలేదు, నువ్వు సక్కగ రాయి, అనేవాళ్లు. అట్లా పొడుగు నోటుబుక్కు ఒకటి నిండిపోయింది. ఎవరికి ఏం కావాలో వదిన చెప్పేది. నర్సు నౌకరీ మానొద్దు, ఆమెకొక మంచి చీర కొనిపెట్టు, అత్తకు పంటినొప్పి తెప్పించు అని పురమాయించేది. తెప్పించాను. ఆ నోటుబుక్కు ఇల్లిల్లూ తిరిగి నూనె మరకలతో, పసుపు వేళ్లతో తిరిగి వచ్చేది. మా అమ్మ మాత్రం, పెళ్లి కావలసిన పిల్లకు ఈ పిచ్చి రాతలేమిటని గొణిగేది.

ఇక మా అన్న, అదే ఆ వదిన మొగుడి సంగతి. ఊళ్లో ఒక హీరో అభిమాన సంఘానికి మా అన్న అధ్యక్షుడు. కటౌట్లకు పూలదండలు వేసేవాడు, బొమ్మకు పాలు పోసేవాడు, ఇంకో హీరో వాళ్లతో కొట్లాడి తలకు కట్టుతో ఇంటికి వచ్చేవాడు. దాన్ని ఎవరూ పిచ్చి అనలేదు. మా నాయన పైకి తిట్టినా, నలుగురిలో నా కొడుకు ప్రెసిడెంటు అని చెప్పుకునేటప్పుడు ఆయన మీసాల కింద నవ్వు నేను చూశాను. ఏడాది తిరగకుండానే ఆ నర్సు సీరియల్ సినిమాగా వచ్చింది, అందులో మా అన్న హీరోయే హీరో. వంద రోజుల పండుగకు సంఘం వాళ్లు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయాలనుకున్నారు. ఒకరోజు అన్న ఎన్నడూ లేనిది మెత్తగా పిలిచి, చెల్లె, జర ఆ నోటుబుక్కు ఇయ్యి, సూసి ఇస్త, అన్నాడు. సంబరంగా ఇచ్చాను. ఇచ్చే ముందు మొదటి పేజీలో ఎర్ర సిరాతో నా పేరు రాసుకున్నాను కూడా. ఎంత తెలివితక్కువ దాన్నో చూడండి.

పుస్తకం వచ్చింది. అట్ట మీద హీరో, లోపల నా కథ, కింద అన్న పేరు, పేరు పక్కన అధ్యక్షుడు అని. అదొక్కటే అయితే ఎట్లాగో మింగేదాన్నేమో. చివరి పేజీ తీసేసి వాళ్లే వేరేది రాసుకున్నారు. అందులో నర్సు హీరో కాళ్ల మీద పడి, ఉద్యోగం చేసి మీ మనసు కష్టపెట్టాను, క్షమించండి, అంటుంది. నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి చదివాను. వదిన ఏమైందని అడిగితే ఆమెకూ చదివి వినిపించాను. సగం వినకముందే ఆమె లేచిపోయి, అన్నం తింటున్న అన్న ముందు నిలబడింది.

"గిది పిల్ల రాసింది గద, నీ పేరెందుకు ఏసుకున్నవ్?"

"ఆడపిల్ల పేరు టాకీసు కాడ పంచుతరా? ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు తల ఎత్తకుండా.

మా అమ్మ ఇంకో గరిటె కూర వేసింది వాడికి. నోటుబుక్కు అడిగితే ప్రెస్సులో ఎక్కడో పోయిందన్నాడు. వదిన నాలుగు రోజులు అన్నకు పళ్లెం పెట్టలేదు. నా పక్షాన ఈ లోకంలో ఎవరైనా ఏదైనా చేశారంటే అదొక్కటే. నేను ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. రాయడం మానేశాను. పెళ్లయి వికారాబాద్ వచ్చి, అంగన్‌వాడీలో పిల్లలకు ఏళ్ల తరబడి నోటితో కథలు చెప్పాను కానీ కాగితం మీద ఒక్క ముక్క పెట్టలేదు.

నా సిగ్గు కూడా చెప్పాలి. కిందటేడు కరణ్‌కోటలో అన్న కొడుకు గృహప్రవేశానికి వెళ్లాం. ఆ అచ్చు కాగితాలను అన్న ప్లాస్టిక్ వేయించి దాచుకున్నాడు. వచ్చిన వాళ్లందరికీ చూపించినట్టే నా మనవరాలికీ చూపించాడు. అది కళ్లింత చేసుకొని, మన ఇంట్ల రైటర్ ఉన్నడని నాకు తెల్వనే తెల్వదు తాతా, అంది. నేను అక్కడే విస్తళ్లలో పాయసం వడ్డిస్తున్నాను. నోరు విప్పలేదు. తాతను చూసిన ఆ ఊపులోనే నా మనవరాలు ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టిందట, ఆదివారం నాడు అదీ చెప్పింది. దాని చేతికి రాత తాత నుంచి వచ్చిందని నమ్ముతోంది పిచ్చిపిల్ల.

అప్పుడిక ఆగలేదు నేను. మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను. అది నమ్మలేనట్టు చూసింది. ఫోనులో అన్నకు కలపమన్నాను, వాడి మాటలు దానికీ వినపడేటట్టు పెట్టించాను. ఇన్నేళ్లకు అడిగాను, ఆ కథ రాసింది ఎవరు అని. వాడు నవ్వాడు. ఇన్నేళ్లూ అది నాకు పెద్ద రహస్యం, వాడికి అసలు రహస్యమే కాదు.

"నువ్వే రాసినవ్, కాదన్ననా? నేను అచ్చేపియ్యకపోతే ఎవరు సదువుతుండె చెల్లె?"

"మా పదిమంది సదివిన్రు. నాకది సాలుతుండె," అని పెట్టేశాను.

కోపం ఈ మాటలు రాస్తున్న ఇప్పుడూ తగ్గలేదు. ఇప్పటి ఆడపిల్ల తన కథను ఏ అన్న చేతిలోనూ పెట్టనక్కరలేదు. కూర్చున్న చోటి నుంచే నేరుగా పంపేస్తుంది, ఏ ఊళ్లోనో ఎవరో చదివి ఏడుస్తారు, నవ్వుతారు. అది చూస్తే నాకు ఈర్ష్యగానే ఉంటుంది. మరి అంత దూరం వచ్చి కూడా మగవాడి పేరు చాటున దాక్కోవడం ఏమిటి? ఆ పేరు తీసేయవే అని గట్టిగానే అరిచాను. "నీకు చెప్పుడు అల్కగనే ఉంటది అమ్మమ్మా, తిట్లు వడేది నేను గద," అంది. నా పేరు లాక్కున్నారు, ఇది తన పేరు తానే దాచుకుంటోంది. ఏది మేలో చెప్పేంత తెలివి నాకింకా రాలేదు.

కాసేపటికి అది దగ్గరికి జరిగి, తాత మార్చక ముందు నీ కథలో చివరికి ఆమె ఏం చేసింది అమ్మమ్మా, అని అడిగింది. చెబుదామని నోరు తెరిచాను. అన్న వాళ్లు రాసుకున్న చివరి పేజీ, ఆ క్షమించండి అనే మాట దాకా, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలను. నేను రాసింది ఒక్క వాక్యం కూడా గుర్తుకు రాలేదు. అది నోటికి వచ్చిన మనిషి మా వదిన ఒక్కతే, ఆమె పోయి మూడేళ్లయింది.