చెవి బిళ్ల వెనుక

మా ఊళ్లో ఆవుకు మంచిపేరు రావాలంటే అది కదలకుండా నిలబడాలి. పాలు పిండేటప్పుడు కాలు విసరకూడదు, తోక విదిలించకూడదు. మా మరిది జెర్సీ ఆవు అలాంటిదే. ఇంటికి వచ్చిన బంధువులందరికీ దాన్ని చూపించి, "పసిబిడ్డ పొదుగు కింద పండుకున్నా ఏమనదు" అనేవాడు.

ఆవు ఆయనది, చాకిరీ నాది. నా భర్త పోయాక ఆ ఇంట్లో నా వంతుకు కొట్టమే మిగిలింది. ఈసారి పెయ్యదూడ పుడితే నాకిస్తానని మాత్రం ఆయన నలుగురి ముందు అన్నాడు. అందుకే ఆవుకు చూలు సూది వేయించిన తేదీని కొట్టం స్తంభం మీద బొగ్గుతో రాసి, ఈనే తేదీ లెక్కగట్టి కింద రాశాను. నాకంటూ ఒక పశువు ఉంటే ఈ వయసులో ఒకరి చేతికేసి చూసే పని తప్పుతుంది.

చూలు ఆరో నెలలో పిడుదులు ఎక్కువయ్యాయి. పొదుగు పక్కన, తోక కింద రక్తం తాగి సెనగగింజల్లా వేలాడేవి. ఒక్కొక్కటే గిల్లి పిడకల నిప్పులో వేయడం మా పద్ధతి. చూలు ఆవుకు మందు కొడితే ఈసుకపోతుందని, అంటే కడుపు పోతుందని భయం. సాంబ్రాణి పొగ వేసి ఊరుకుంటారు. బీమావాళ్లు పసుపు బిళ్ల కుట్టిన ఎడమ చెవి జోలికి మాత్రం మరిది నన్ను పోనివ్వలేదు. బిళ్ల ఊడితే బీమా రాదు.

పాలు తగ్గాయి. భుజం ముందు గడ్డ తేలింది. కనురెప్ప లోపలి ఎరుపు పోయి గోడసున్నంలా అయింది. మరిదిని పిలిచి చూపించాను.

"పశువుల డాక్టరమ్మకు చెప్పు అప్పా. మందు కొట్టిద్దాం."

"సూలు ముదిరేకొద్దీ పాలు తగ్గుతాయి వదినా. ఇన్నేండ్లు సూసి కూడా తెలీదా?"

"కన్ను సూడు. రక్తం యాడుండాది?"

"ఈసుకపోతే ఎవురు పూచీ? తేదీలు రాసే బొగ్గు ఉండాది కదా, వైద్యం కూడా ఆ స్తంభం మీదే రాసుకో."

లోపల తోడికోడలు నవ్వింది. నేనే పిలుస్తానని ఫోను తీస్తే, ఆవు ఎవరిదని అడిగాడు. ఫోను పెట్టేశాను.

వారం తిరగకముందే ఆవు మేత మానేసి మూతి నేలకు ఆనించింది. రేణిగుంటలో గోడౌను పనికి పోయిన మరిది అక్కడినుంచే డాక్టరమ్మకు ఫోను చేశాడు. ఆమె, వెనకే మరిదీ వచ్చేసరికి ఆవు ప్రాణం పోయింది. బీమా కాగితానికి కోసి చూడాలి కాబట్టి చేని గట్టుకు లాగించారు.

వయసులో చిన్నదైనా డాక్టరమ్మ తడుముకోకుండా కోసింది. కాలేయం ఉబ్బి పసుపు తిరిగింది. ప్లీహం ఉండవలసినదానికి రెండింతలుంది. పొట్ట లోపలి పొర మీద నిప్పురవ్వలు పడ్డట్టు పుండ్లు. గర్భసంచిలో పెయ్యదూడ. వెంట్రుకలు ఇంకా రాలేదు.

"ఇంత చిన్న పురుగు తాగే రక్తానికే ఇట్లయితాదా మేడమ్?" అన్నాడు మరిది.

"తాగేదానికంటే వదిలేది చెడ్డది. అది కొరికి ముందు ఉమ్ము దించుతుంది. ఆ ఉమ్ముకు చర్మం మొద్దుబారుతుంది, రక్తం గడ్డకట్టదు, రోగంతో పోరాడే శక్తి తగ్గుతుంది. రోగం కూడా ఆ ఉమ్ములోనే లోపలికి పోతుంది. ఆవుకు కుట్టినట్టే తెలియదు."

"అందుకేనా కదలకుండా నిలబడేది?" అన్నాను.

ఆమె మరిది వైపు తిరిగింది. చూలు పశువుకు కూడా కొట్టదగ్గ మందులున్నాయని, కొలత తప్పకుండా కొట్టాలని చెప్పింది. బీమావాళ్లకు చూపించడానికి బిళ్లతో పాటు చెవి కోసి, తిప్పింది. బిళ్ల వెనుక చర్మం కనబడలేదు. అన్నీ పిడుదులే, ఒకదాని మీద ఒకటి.

మరిది ఆ చెవిని ప్లాస్టిక్ కవరులో చుట్టుకున్నాడు. ఇంటికి వస్తూ తోడికోడలితో, "వదిన చేయి మంచిది కాదు" అన్నాడు. నాకు వినబడేట్టే అన్నాడు.

బీమా వచ్చింది. పలమనేరు సంత నుంచి ఇంకో ఆవు వచ్చింది, అదీ చూలుదే, దాని చెవికీ పసుపు బిళ్ల. దూడ మాట ఈసారి ఎవరూ ఎత్తలేదు.

"సూడు, ఎంత సాధువో. తోక గూడా విదల్చలే," అన్నాడు మరిది తాడు కడుతూ.

నేను ఎడమ చెవి పట్టుకున్నాను.

"బిళ్ల జాగర్త వదినా."

చెవి మడిచి చూపించాను. "నీ సాధుగుణమంతా ఈడనే గుంపుగా ఉండాది. వచ్చి సూడు."

ఆయన వంగి చూశాడు. బిళ్లను వేలితో పక్కకు జరిపి మళ్లీ చూశాడు. "ఈసుకపోతే నీదే పూచీ," అన్నాడు చివరికి.

"నాదే. డాక్టరమ్మ నంబరు కొట్టు."

నంబరు కొట్టి ఫోను నా చేతికిచ్చి, మాట్లాడేది తాను కాదన్నట్టు పక్కకు తిరిగి నిలబడ్డాడు. స్తంభం మీద పాత తేదీలు ఇంకా ఉన్నాయి. ఫోను అవతల మోగుతుంటే పైట కొంగుతో వాటిని తుడిచాను. కొత్తవి రాయలేదు. ఈ దూడ నాది కాదు.